ఇంతకీ కొలిచింది దేన్ని?

1894 నుంచి న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులను ఒక ప్రయోగశాలకు పిలిచేవారు. అక్కడ చేతిపట్టు ఎంత బలమైనదో చూసేవారు. చప్పుడు వినగానే ఎంత త్వరగా మీట నొక్కుతారో కొలిచేవారు. రంగుల పేర్లు గబగబా చెప్పమనేవారు. ఒక గీతను కంటి అంచనాతో సరిగ్గా సగం చేయమనేవారు. ఒక్కసారి విన్న అక్షరాల్లో ఎన్ని గుర్తున్నాయో అప్పజెప్పమనేవారు. ఇదంతా నడిపించినవాడు జేమ్స్ మెకీన్ కాటెల్. 'మానసిక పరీక్ష' అన్న మాటను 1890లో మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చింది ఆయనే.

ఆ ఆలోచన మొదట ఫ్రాన్సిస్ గాల్టన్‌ది. 1884లో లండన్ ఆరోగ్య ప్రదర్శనలో గాల్టన్ ఒక కొలతల శాల తెరిచి, మనిషికి మూడు పెన్నీలు తీసుకుని తొమ్మిది వేలమందికి పైగా జనాన్ని కొలిచాడు. జ్ఞానమంతా ఇంద్రియాల ద్వారానే లోపలికి వస్తుంది కాబట్టి ఇంద్రియాలు చురుకైనవాడి బుద్ధి కూడా చురుకైనదే అయి ఉండాలని ఆయన నమ్మకం. వినడానికి సబబుగానే ఉంటుంది. కాటెల్ దాన్ని అట్లాంటిక్ దాటించి, జర్మనీలో మనస్తత్వవేత్త వుంట్ దగ్గర నేర్చుకున్న ప్రయోగశాల క్రమశిక్షణను దానికి జోడించాడు. పరికరాలు ఇత్తడివి, గడియారాలు సెకనులో వెయ్యోవంతును చూపేవి. ఇంత కచ్చితంగా కొలిస్తే మనసు చిక్కకపోతుందా అనుకున్నారు.

చిక్కలేదు. ఆ సంగతి కాటెల్ శిష్యుడు క్లార్క్ విస్లర్ లెక్కల్లోనే తేలింది. అప్పటికి కొత్తగా వచ్చిన పియర్సన్ సహసంబంధ గుణకం విస్లర్ చేతిలో ఉంది. రెండు కొలతలు పూర్తిగా కలిసి నడిస్తే ఆ గుణకం 1, ఏ పొంతనా లేకపోతే 0, ఒకటి పెరిగేకొద్దీ రెండోది తగ్గితే రుణసంఖ్య. విద్యార్థుల ప్రతిస్పందన వేగానికీ కాలేజీ మార్కులకూ మధ్య గుణకం -0.02 అని 1901లో విస్లర్ ప్రచురించాడు. ఉన్నా లేనట్టే. ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య కూడా దాదాపు సున్నాయే వచ్చింది. అదే విద్యార్థుల్లో లాటిన్ మార్కులకూ గ్రీకు మార్కులకూ మధ్య 0.75 ఉంది. అంటే విద్యార్థుల మధ్య తేడాలు నిజంగానే ఉన్నాయి, ఇత్తడి పరికరాలు మాత్రం వాటిని పట్టుకోలేదు. గురువు పదేళ్ల కృషిని శిష్యుడి ఒక్క వ్యాసం ఆపేసింది. మనస్తత్వశాస్త్ర చరిత్రలో ఇంత నిజాయితీగల ఓటమి అరుదని నా నమ్మకం. తమ పరీక్షను తామే పరీక్షకు పెట్టారు, వచ్చిన జవాబును అచ్చువేశారు.

విశ్వసనీయత, సప్రమాణత అనే మాటలు మన డీఎస్సీ అభ్యర్థులందరికీ కంఠతా వచ్చు. అవి దేనికోసం పుట్టాయో తెలియాలంటే కొలంబియాలో జరిగిన ఈ కథే చూడాలి. ఒకే మనిషిని మళ్లీ కొలిస్తే ఫలితం దాదాపు అదే వస్తుందా అని అడిగేది విశ్వసనీయత. వచ్చిన ఫలితం మనం చెప్పుకుంటున్న అర్థాన్ని మోయగలదా అని అడిగేది సప్రమాణత. పిల్లవాడి ఎత్తును టేపుతో పదిసార్లు కొలిచినా అదే వస్తుంది. ఆ ఎత్తు చూసి వీడికి సంగీతం బాగా వస్తుందని ఎవరైనా చెబితే, టేపు ఎంత మంచిదైనా ఆ మాట నిలవదు. టేపు తప్పుచేయలేదు, దాని నుంచి తీసిన నిర్ణయం తప్పు.

అయితే విస్లర్ లెక్కలో ఒక మెలిక ఉంది. ప్రతిస్పందన వేగాన్ని ఒక్కో విద్యార్థికి నాలుగైదు సార్లకు మించి కొలవలేదు. మనిషి ఒకసారి ఏకాగ్రతగా ఉంటాడు, మరోసారి పరధ్యానంలో ఉంటాడు. నాలుగైదు కొలతల సగటు ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. తనతో తనకే పొత్తు కుదరని కొలతకు మార్కులతో పొత్తు ఎలా కుదురుతుంది? పైగా పరీక్షకు వచ్చినవారందరూ అప్పటికే కాలేజీలో సీటు సంపాదించినవారు. మన ప్రవేశపరీక్షల్లో మొదటి వందమందిని మాత్రమే తీసుకుని, వారి ర్యాంకులకూ ఆ తరవాతి మార్కులకూ సంబంధం వెతికితే అంతంతమాత్రంగానే కనబడుతుంది. తేడాలున్నవాళ్లంతా గుమ్మం బయటే ఆగిపోయారు మరి.

ఈ మెలికను గణితంగా విప్పినవాడు చార్లెస్ స్పియర్‌మన్. బ్రిటిష్ సైన్యంలో అధికారిగా పనిచేసి, ఉద్యోగం వదిలి, నడివయసులో లైప్జిగ్ వెళ్లి విద్యార్థిగా చేరిన మనిషి. కొలతల్లోని పొరపాటు అసలు సంబంధాన్ని ఎంత పలచన చేస్తుందో 1904లో ఆయన సూత్రం రాశాడు. దాని ప్రకారం ఒక పరీక్ష విశ్వసనీయత 0.36 అయితే, అది ఇంకే కొలతతోనైనా 0.60 కన్నా ఎక్కువ సహసంబంధం చూపగలదని ఆశించకూడదు. 0.36కు వర్గమూలం 0.60. అంటే విశ్వసనీయత సప్రమాణతకు పైకప్పు లాంటి హద్దు వేస్తుంది, ఆ హద్దు దాకా తీసుకెళ్తానని మాత్రం హామీ ఇవ్వదు. తరవాతి కాలంలో ప్రతిస్పందన వేగాన్ని ఎక్కువసార్లు కొలిచి సగటు తీసినప్పుడు ప్రజ్ఞా పరీక్షలతో కొద్దిపాటి సంబంధం నిజంగానే బయటపడింది. గాల్టన్ ఊహించినంత లేదు, విస్లర్ సున్నా అన్నంత శూన్యమూ కాదు.

విశ్వసనీయతను చూసే పద్ధతులు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి: కొన్నాళ్లకు అదే పరీక్ష మళ్లీ పెట్టడం, ప్రశ్నలను రెండు సగాలు చేసి పోల్చడం, ఇద్దరు పరీక్షకులు విడివిడిగా వేసిన మార్కులను పక్కపక్కన పెట్టడం. చివరిది మనకు బాగా తెలిసిన బాధ. 1912, 1913 సంవత్సరాల్లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ ఒకే జవాబుపత్రాన్ని అచ్చువేసి వందకు పైగా బడుల ఉపాధ్యాయులకు పంపారు. ఇంగ్లిష్ పత్రానికి మార్కులు అటూ ఇటూ వస్తాయని ఎవరైనా ఊహిస్తారు. జ్యామితి పత్రానికి కూడా కొందరు 30 లోపు వేస్తే, కొందరు 90 దాకా వేశారు. ఒకే కాగితం, ఒకే సిద్ధాంతం, ఒకే బొమ్మ. మన దగ్గర ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు వేలమంది పరుగెత్తడాన్ని పిల్లల అత్యాశ అని కొట్టిపారేసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. దిద్దేవారి చేతిని బట్టి మారే మార్కును ప్రశ్నించే హక్కు విద్యార్థికి ఉంది.

ఎంత మంచి పరీక్షలోనైనా కొంత ఊగిసలాట మిగిలే ఉంటుంది. ప్రజ్ఞాలబ్ధి పరీక్షల్లో సగటు 100, ప్రామాణిక విచలనం 15. విశ్వసనీయత 0.90 ఉన్న పరీక్ష అంటే చాలా మంచి పరీక్ష. అయినా ఒక్కో స్కోరులో అటూ ఇటూ సుమారు 5 పాయింట్ల దోషం సహజంగా ఉంటుంది. 71 వచ్చిన మనిషి అసలు విలువ 66 కావచ్చు, 76 కావచ్చు. ఈ అయిదు పాయింట్ల మీద ఒక ప్రాణం ఆధారపడిన సందర్భం ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి మరణశిక్ష అమలుచేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2002లో తీర్పిచ్చింది. ఫ్లోరిడా రాష్ట్రం మాత్రం 70కి ఒక్క పాయింటు ఎక్కువ వచ్చినా మిగతా ఆధారాలేవీ చూడనంది. ఫ్రెడీ లీ హాల్ అనే ఖైదీకి 71 వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ గీతను కొట్టేసింది. కొలతలోని దోషాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఒక సంఖ్యను కత్తిగీతగా వాడటం రాజ్యాంగ విరుద్ధమంది. విశ్వసనీయత గురించి ఇంతకన్నా బరువైన వాక్యం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మన సదరం శిబిరాల్లో ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలోని శాతాన్ని బట్టి కుటుంబానికి పింఛను వస్తుందో రాదో తేలుతుంది. ఆ శాతాన్ని నిర్ణయించే కొలతకు కూడా ఇదే న్యాయం వర్తించాలి.

ఇక రెండో ప్రశ్న, సప్రమాణత. అది ఎప్పుడూ కష్టమైనదే.

కాటెల్ ఓడిపోయిన చోట నెగ్గినవాడు పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే. ఆయన కూడా మొదట తలకాయలు కొలిచినవాడే. చురుకైన పిల్లల తలలు, మందమైన పిల్లల తలలు టేపుతో కొలిచి పోల్చాడు. తేడాలు మిల్లీమీటర్లలో ఉన్నాయి. అంతకన్నా ఆయన్ను కలవరపెట్టింది తన చేయి. ఫలితం ఇలా ఉండాలన్న ఆశ కొలిచే చేతిని తెలియకుండానే అటు జరుపుతోందేమోనని అనుమానించి, సహచరుడు థియోడర్ సిమోన్‌తో కలిసి మళ్లీ కొలిచి చూశాడు. ఆ అనుమానం నిజమే అయింది. ఆ దారి వదిలేశాడు. 1904లో ఫ్రెంచి ప్రభుత్వం బడిలో వెనకబడే పిల్లలను గుర్తించే పద్ధతి కావాలని ఒక సంఘాన్ని వేసినప్పుడు ఆయన పూర్తిగా వేరే చోట మొదలుపెట్టాడు. పిల్లలకు రోజూ ఎదురయ్యే పనులనే తీసుకున్నాడు: బొమ్మలోని వస్తువుల పేర్లు చెప్పడం, అంకెలు తిరిగి అప్పజెప్పడం, రెండు బరువుల్లో ఏది ఎక్కువో తేల్చడం, మాటకు అర్థం చెప్పడం. 1905లో సిమోన్‌తో కలిసి ప్రచురించిన ఆ పట్టికలో 30 అంశాలున్నాయి. ప్రతి అంశమూ ఒక గీటురాయి మీద నిలవాలి: వయసుతోపాటు ఆ పని చేయగల పిల్లల సంఖ్య పెరగాలి, ఉపాధ్యాయులు చురుకైనవారన్న పిల్లలే ఎక్కువమంది చేయగలగాలి. నిలవని అంశాన్ని తీసేశాడు. కాటెల్ పరికరంతో మొదలుపెట్టి అర్థాన్ని ఊహించాడు. బినే అర్థం ఏమిటో ముందు బడిలో చూసి, తరవాత పరికరాన్ని కట్టుకున్నాడు. ఈ స్కోరును పిల్లవాడి నుదుటిరాతగా చూడొద్దని, సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికే వాడాలని కూడా ఆయన గట్టిగా చెప్పాడు. 1911లో కన్నుమూశాడు.

ఆ హెచ్చరిక ఆయనతోనే పోయింది. న్యూజెర్సీలో వైన్‌లాండ్ బడికి చెందిన హెన్రీ గొడార్డ్ ఆ పట్టికను ఇంగ్లిష్‌లోకి తెచ్చి, దాన్ని ఎల్లిస్ ద్వీపానికి పట్టుకెళ్లాడు. యూరప్ నుంచి ఓడల్లో వచ్చే బీదజనం దిగే రేవు అది. వారాల తరబడి సముద్రం మీద కొట్టుకొచ్చి, భాష రాక, వెనక్కి పంపేస్తారేమోనని వణుకుతున్న మనుషులకు దుబాసీ ద్వారా ప్రశ్నలు వేశారు. ఒక కుర్రవాడికి తక్కువ స్కోరు వచ్చినప్పుడు దుబాసీయే ఇది అన్యాయమన్నాడు. తాను ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడైతే తనకూ ఈ ప్రశ్నలకు జవాబు వచ్చేది కాదన్నాడు. గొడార్డ్ వినిపించుకోలేదు. ఆయన 1917లో ప్రచురించిన లెక్కల్లో, పరీక్షించిన యూదులు, హంగేరీయులు, ఇటాలియన్లు, రష్యన్లలో అయిదుగురికి సుమారు నలుగురు మందబుద్ధులని తేలింది. ఒక జనసముదాయంలో అయిదింట నలుగురు మందబుద్ధులు కావడం సాధ్యమా? లెక్క అలా వచ్చినప్పుడు మనుషుల్ని కాదు, ముందు పరీక్షను అనుమానించాలి. ఆయన లెక్కనే నమ్మాడు.

అదే ఏడాది అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. రాబర్ట్ యెర్క్స్ నాయకత్వంలో సుమారు 17.5 లక్షలమంది సైనికులకు ప్రజ్ఞా పరీక్షలు పెట్టారు. చదువు వచ్చినవారికి 'ఆల్ఫా', రానివారికి 'బీటా'. ఆల్ఫాలో క్రిస్కో అంటే మందా, పళ్లపొడా, తిండిపదార్థమా అని ఒక ప్రశ్న. అది అక్కడి దుకాణాల్లో దొరికే వంటకొవ్వు పేరు. క్రిస్టీ మాథ్యూసన్ రచయితా, చిత్రకారుడా, బేస్‌బాల్ ఆటగాడా అని మరొకటి. బీటాలో మాటలు లేవు, బొమ్మలున్నాయి. బొమ్మలో ఏం లోపించిందో గీయాలి: టెన్నిస్ కోర్టులో వల లేదు, గ్రామఫోనుకు బూర లేదు. సిసిలీ పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ టెన్నిస్ కోర్టును ఎక్కడ చూసి ఉంటాడు? పెన్సిలు పట్టుకోవడమే ఎంతోమందికి అదే మొదలు. కిక్కిరిసిన గదుల్లో సైగలతో సూచనలిచ్చి, హడావిడిగా కాగితాలు లాగేసుకున్నారు.

ఆ పరీక్ష దేన్ని కొలిచిందో వాళ్ల పట్టికలోనే ఉంది. పరాయి దేశంలో పుట్టిన సైనికుల్లో, అమెరికా వచ్చి అయిదేళ్ల లోపు అయినవారి సగటు మానసిక వయస్సు (స్కోరుకు సరిపోయే వయసు) 11.29 ఏళ్లు. ఇరవై ఏళ్లు దాటినవారిది 13.74. మధ్యలో ఏళ్లు పెరిగేకొద్దీ స్కోరు మెట్లుమెట్లుగా పెరుగుతూ వచ్చింది. ఒక దేశంలో ఎంతకాలం బతికితే అంత పెరిగే గుణానికి పుట్టుకతో వచ్చిన ప్రజ్ఞ అని పేరు పెట్టడానికి ఎంత తెగువ కావాలి! ప్రిన్స్‌టన్‌కు చెందిన కార్ల్ బ్రిగమ్ 1923లో తన పుస్తకంలో ఆ మెట్లను చూసి కూడా, ఈమధ్య వస్తున్న జాతులు తక్కువరకంవి కాబట్టే వారి స్కోరు తక్కువని రాశాడు. 1924లో అమెరికా కఠినమైన వలస చట్టం చేసింది. చట్టానికి ఈ పరీక్షలే కారణమనడం అతిశయోక్తి అవుతుంది, వలసదారుల మీద ద్వేషం అంతకుముందే ఉంది. ఆ ద్వేషానికి శాస్త్రం పేరుతో ఒక ముద్ర దొరికిందన్నది మాత్రం నిజం. 1930లో బ్రిగమ్ తన విశ్లేషణకు పునాది లేదని ఒప్పుకుని వెనక్కి తీసుకున్నాడు. చట్టం వెనక్కి పోలేదు.

కాగితం అదే, ప్రశ్నలు అవే. పారిస్ బడిపిల్లలకు పనికొచ్చిన కొలత ఎల్లిస్ ద్వీపంలో పనికిరాలేదు. అయినా సప్రమాణత కాగితానికి అంటుకుని ఉండే గుణం కాదని, ఫలానా వారి మీద ఫలానా ప్రయోజనానికి వాడినప్పుడు స్కోరుకు ఇచ్చే అర్థానికి చెందినదని మనస్తత్వవేత్తలు గ్రహించడానికి ఇంకా చాలాకాలం పట్టింది. లీ క్రోన్‌బాక్, పాల్ మీల్ 1955లో రాసిన వ్యాసం ఈ దారిలో మలుపు. ప్రజ్ఞ, ఆందోళన, ఆత్మవిశ్వాసం వంటివి కంటికి కనబడవు, పక్కన పెట్టి పోల్చడానికి ఒక అసలు నమూనా ఉండదు. అలాంటప్పుడు ఒక్క గుణకంతో పని తీరదని, సిద్ధాంతం చెప్పే సంబంధాలన్నీ నిజంగా కనబడుతున్నాయా అని ఏళ్ల తరబడి చూస్తూనే ఉండాలని వాళ్ల వాదన.

మన దేశంలో ఈ జాగ్రత్త తీసుకున్నవారు లేకపోలేదు. వి.వి. కామత్ 1930లలో బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మార్చాడు. బినే-కామత్ పరీక్ష పేరు ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో వినిపిస్తుంది. సి.ఎం. భాటియా చదువు రాని పిల్లల కోసం దిమ్మలు, నమూనాలు, బొమ్మలముక్కలతో పరీక్షలు తయారుచేసి 1955లో ప్రచురించాడు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతోందని 2013లో ప్రకటించింది. ఆ రోగుల్లో బడి మొహం చూడనివారూ ఉన్నారు. ఇలాంటి చోట మతిమరుపును పట్టే పరీక్షను తెనిగించినంత మాత్రాన చాలదు. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే, తేదీ చెప్పమంటే, ఒక వాక్యం రాయమంటే, తిథీ నక్షత్రమూ తడుముకోకుండా చెప్పగల ముసలమ్మకు కూడా సున్నా వస్తుంది. ఆ సున్నా చూసి ఆమెకు మతిమరుపు జబ్బని రాస్తే అది ఎల్లిస్ ద్వీపంలో చేసిన తప్పే.

ఇంత చరిత్ర చూశాక మన నగరాల్లో జరుగుతున్న ఒక వ్యాపారం గురించి చెప్పకుండా ఉండలేను. పిల్లల పదివేళ్ల ముద్రలు స్కాన్ చేసి, వాటిని బట్టి వాడు ఇంజనీరో, కళాకారుడో, నాయకుడో రంగుల నివేదిక ఇస్తారు. డీఎంఐటీ అంటారు. కొన్ని బడులే దీన్ని తల్లిదండ్రులకు అంటగడుతున్నాయి. వేలిముద్రలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడి జీవితాంతం మారవని అమ్మేవారు గొప్పగా చెబుతారు. అది నిజమే. ఇంతకు మించిన విశ్వసనీయత ఏ మానసిక పరీక్షకూ రాదు. కానీ ఆ గీతలకూ పిల్లవాడి ప్రతిభకూ సంబంధం ఉందని చూపే ఆధారం ఏదీ లేదు. భారతీయ సైకియాట్రిక్ సొసైటీ కూడా దీనికి శాస్త్రీయమైన పునాది లేదని ప్రకటించింది. వాళ్లు పేరు వాడుకునే హోవర్డ్ గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞల సిద్ధాంతంలో వేలిముద్రల ప్రసక్తే లేదు.

మరి నివేదిక చదివిన తల్లి "అచ్చం మావాడే" అని ఎందుకంటుంది? దీనికి జవాబు 1948లో బెర్ట్రామ్ ఫోరర్ తన తరగతి గదిలోనే చూపించాడు. 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, తరవాత ఒక్కొక్కరికీ విడివిడిగా నివేదిక ఇచ్చాడు. అది నీకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే నివేదిక, వాక్యాలు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. వేలిముద్రల నివేదికల్లోని మాటలూ అలాంటివే: ప్రోత్సహిస్తే రాణిస్తాడు, మనసు పెడితే నేర్చుకుంటాడు, కొన్నిసార్లు మొండికేస్తాడు. ఈ మాటలు ఏ పిల్లవాడికి సరిపోవు? చదివినవారికి నచ్చడం సప్రమాణతకు రుజువు కాదు. రుజువు కావాలంటే నివేదికల పేర్లు చెరిపేసి, పది నివేదికల్లో తన బిడ్డది ఏదో పోల్చుకోమని ఆ తల్లినే అడగాలి. ఆ పని చేసి చూపించమంటే అమ్మేవారు ముందుకు రారు.

పరీక్షలన్నీ మోసమని నేననడం లేదు. చదవడంలో ఇబ్బందిపడే పిల్లవాడిని ఆరేళ్లకే గుర్తించగలిగితే వాడి బతుకు మారుతుంది, దానికి మంచి పరీక్షలున్నాయి, వాటిని పెట్టే శిక్షణ పొందిన నిపుణులూ ఉన్నారు. అందుకే మీ పిల్లల గురించి ఎవరైనా ఒక స్కోరు చేతికిచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి. ఈ పరీక్షను ఏ పిల్లల మీద, ఏ భాషలో ప్రామాణీకరించారు? మళ్లీ పెడితే ఎంత తేడా వస్తుంది? ఈ సంఖ్య చెప్పిన జోస్యం నిజమైందని అమ్మేవారు కాకుండా ఇంకెవరైనా చూపించారా? జవాబులు వచ్చేదాకా ఆ సంఖ్యను బట్టి పిల్లవాడి సెక్షన్ గానీ, గ్రూపు గానీ, బడి గానీ మార్చడానికి ఒప్పుకోకండి.